ఆఫ్‌రోడ్ పికప్‌లో ఏ వేరియంట్ తీసుకోవాలి: మధ్యదా, టాప్‌దా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. ఒకే పికప్‌లో మూడు వేరియంట్లు చూశారు. మొదటిది మామూలు ఫోర్ బై ఫోర్. లో రేంజ్ (వేగం తగ్గించి బలం పెంచే అదనపు గేరు) ఉంది, డిఫ్ లాక్ (ఒకే ఇరుసు మీది రెండు చక్రాల్నీ కలిపి తిప్పే ఏర్పాటు) లేదు. రెండోదాని పేరులోనే ఆఫ్‌రోడ్ ఉంది. వెనక డిఫ్ లాక్, 17 అంగుళాల చక్రాలు, కాస్త మెరుగైన షాక్ అబ్జార్బర్లు, ఇంజిన్ కింద ఇనప రేకు వస్తాయి. మూడోది టాప్. బైపాస్ షాక్‌లు (గతుకుల మీద వేగాన్ని తట్టుకునే ఖరీదైన షాక్ అబ్జార్బర్లు), 33 అంగుళాల టైర్లు, వెడల్పాటి ఫెండర్లు, లెదర్ సీట్లు, పెద్ద స్క్రీన్. ఇంట్లో మీరిద్దరూ, ఇద్దరు పిల్లలు. నెలకోసారి కొండదారులు, ఏడాదికి రెండుసార్లు 1,500 కిలోల ట్రెయిలర్ తగిలించుకుని వారం పది రోజులు క్యాంపింగ్. సేల్స్ అబ్బాయేమో "ఆఫ్‌రోడ్ చేస్తారంటే టాప్ తప్ప మిగతావి దండగ సార్" అన్నాడు. అంత డబ్బు పోశాక తప్పు చేశామని అనిపిస్తుందేమో అని మీ టెన్షన్.

మధ్యది తీసుకోండి. రెంటికీ మధ్య తేడా డబ్బులో కొంత మంచి టైర్లకి, ఒక ఎయిర్ కంప్రెసర్‌కి, రికవరీ సామానుకి (ఇరుక్కున్న బండిని బయటికి లాగే తాళ్ళు, కొక్కేలు లాంటివి), ఒకటి రెండు రోజుల డ్రైవింగ్ శిక్షణకి పెట్టండి. మిగిలింది డీజిలుకో పెట్రోలుకో ఉంచుకోండి. టాప్ వేరియంట్ చెడ్డదని కాదు. మీరు చెప్పిన పనికి దాన్ని తయారు చేయలేదు, అంతే. ఎందుకో కాస్త వివరంగా చెప్తాను.

నేను పదిహేడేళ్ళుగా ఇలాంటి బళ్ళు నడుపుతున్నాను. అందులో సగం కాలం కొత్తగా కొన్నవాళ్ళకి నేర్పించడంలో, వాళ్ళ బళ్ళ కింద దూరి రిపేర్లు చేయడంలో గడిచింది. వేరియంట్ విషయంలో ఎవరడిగినా ముందు నేను అడిగేది ఒకటే: ఇందులో తర్వాత బిగించుకోలేనిది ఏమిటి? టైర్లు, షాక్‌లు, స్ప్రింగులు, లైట్లు, వించ్ (బండిని లాగే మోటారు చుట్ట), కింద రేకులు అన్నీ తర్వాత ఎప్పుడైనా వేసుకోవచ్చు. ట్రాన్స్‌ఫర్ కేస్ (ఇంజిన్ బలాన్ని ముందు, వెనక ఇరుసులకి పంచే పెట్టె), యాక్సిల్ (ఇరుసు) గేర్లు, డిఫ్ లాక్, కంపెనీ రాసిచ్చిన బరువు పరిమితి, ఎయిర్‌బ్యాగులు, బ్రేకుల ఎలక్ట్రానిక్స్ మాత్రం కొన్ననాడు ఏం వస్తే అదే. డిఫ్ లాక్ బయట వేయించుకోవచ్చు, నిజమే. కానీ యాక్సిల్ విప్పాలి, గేర్లు మళ్ళీ సరిగ్గా సెట్ చేయాలి. ఆ పని తెలిసిన చెయ్యి దొరకాలి, వారంటీ మీద గొడవ రాకూడదు. కంపెనీ నుంచి వచ్చేదానికి అది సాటి రాదు.

డిఫ్ లాక్ మీద నాకింత పట్టుదల ఎందుకంటే నా మొదటి పికప్‌కి అది లేదు. వర్షానికి కోసుకుపోయిన దారి ఒకటి అడ్డంగా దాటుతున్నాను. ముందు ఎడమ చక్రం ఒక గుంటలో, వెనక కుడి చక్రం ఇంకో గుంటలో దిగాయి. మిగతా రెండింటి మీదే బండి ఊగుతోంది. యాక్సిలరేటర్ తొక్కితే ఆ గుంటల్లో వేలాడుతున్న చక్రాలు గిర్రున తిరుగుతున్నాయి, నేల మీద గట్టిగా ఆనినవి కదలట్లేదు. ఇరుసు మధ్యలో ఉండి రెండు చక్రాలకీ బలం పంచే మామూలు డిఫరెన్షియల్ స్వభావమే అంత. రెండు వైపులకీ సమానంగానే తిప్పే బలం ఇస్తుంది, కాబట్టి పట్టు లేని చక్రం ఎంత తక్కువ బలం తీసుకుంటే రెండోదానికీ అంతే దక్కుతుంది. ఫోర్ బై ఫోర్ అని పేరేగానీ, అలాంటి చోట ముందొక చక్రం, వెనకొక చక్రం ఊరికే తిరుగుతాయి. గంటన్నర పాటు రాళ్ళు పేర్చి బయటపడ్డాను. నా వెనకే వచ్చిన పికప్ ఇంజిన్‌లోనూ టైర్లలోనూ నాకంటే ఏ రకంగానూ గొప్పది కాదు. అతను బటన్ నొక్కి వెనక యాక్సిల్ లాక్ చేసి, నడుచుకుంటూ వెళ్ళినట్టు దాటేశాడు. అప్పుడు నాకు పడిన చిన్నతనం ఇంతా అంతా కాదు.

ఇప్పటి బేస్ వేరియంట్లు నా పాత బండి అంత అన్యాయం కాదు, అది చెప్పాలి. తిరిగిపోతున్న చక్రాన్ని బ్రేకుతో పట్టుకుని రెండోదానికి బలం పంపే ట్రాక్షన్ కంట్రోల్ దాదాపు అన్నింటిలో ఉంది. మట్టిలో, గడ్డిలో బాగానే పని చేస్తుంది. దాని లోపమేంటంటే చక్రం ముందు జారాలి, తర్వాతే అది అందుకుంటుంది. రాళ్ళ మీద ఆ జారే క్షణంలోనే టైరు పక్క గోడ కోసుకుపోతుంది. ఎక్కువసేపు వాడితే బ్రేకులు వేడెక్కుతాయి. లాక్‌కి ఆ తంటా లేదు, చక్రం జారకముందే రెండు పక్కలా ఒకే వేగంతో తిప్పుతుంది.

లాక్‌కీ ఒక హద్దు ఉంది. పక్కకి వాలిన తడి నేల మీద లాక్ వేసి వెళ్తే వెనక రెండు చక్రాలూ ఒకేసారి పట్టు తప్పి బండి తోక కిందికి జారుతుంది. తారు రోడ్డు మీద అసలు వేయకండి, మలుపు తిరగదు. ఆ మాటకొస్తే, మధ్యలో డిఫరెన్షియల్ లేని పార్ట్ టైమ్ 4హెచ్ (మామూలు వేగంలో నాలుగు చక్రాల్నీ తిప్పే గేరు) కూడా పొడి తారు మీద వాడకూడదు. ట్రాన్స్‌మిషన్ బిగుసుకుపోతుంది.

పేర్ల సంగతి కొంచెం చెప్పాలి, ఇక్కడ చాలామంది దెబ్బతింటారు. టయోటా టకోమా మూడో తరం, అంటే 2016 నుంచి 2023 వరకు వచ్చింది, అందులో టీఆర్‌డీ స్పోర్ట్ అని ఒకటి, టీఆర్‌డీ ఆఫ్‌రోడ్ అని ఒకటి ఉండేవి. స్పోర్ట్‌కి బానెట్ మీద గాలి పీల్చేదానిలా పెద్ద స్కూప్ ఉంటుంది. అది అలంకారమే, అందులోంచి ఇంజిన్‌కి గాలి పోదు. వెనక డిఫ్ లాక్ ఉన్నది స్కూప్ లేని ఆఫ్‌రోడ్‌కి. చూడ్డానికి మొనగాడిలా కనిపించేది ఒకటి, బురదలోంచి బయటికి తెచ్చేది ఇంకోటి. అందుకే పేరు, స్టిక్కర్ పక్కన పెట్టి పరికరాల పట్టిక చదవండి.

లో రేంజ్‌లోనూ తేడాలుంటాయి. జీప్ గ్లాడియేటర్ స్పోర్ట్‌లో లో రేంజ్ 2.72 రెట్లు, రూబికాన్‌లో 4 రెట్లు. 2020 మోడల్ ఆటోమేటిక్ తీసుకుని లెక్క కడితే: మొదటి గేర్ 4.71, రూబికాన్ యాక్సిల్ 4.10. వీటిని 4తో గుణిస్తే 77 వస్తుంది. అంటే ఇంజిన్ 77 సార్లు తిరిగితే చక్రం ఒక్కసారి తిరుగుతుంది. స్పోర్ట్‌లో 3.73 యాక్సిల్‌తో అదే లెక్క 48 దగ్గర ఆగుతుంది. పెద్ద రాళ్ళ మీద బండిని వేలు పట్టుకుని నడిపించినట్టు నడిపించాలంటే 77 వరం. మీరు వెళ్ళే కొండదారులకి 40 దాటితే చాలు. మీరు చూసిన బండికి మూడు వేరియంట్లలోనూ ఒకే లో రేంజ్ అని రాశారు కాబట్టి మీకిది సమస్యే కాదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. సేల్స్ అబ్బాయి చెప్పనిది, బ్రోచర్‌లో చివరి పేజీలో చిన్న అక్షరాల్లో ఉండేది.

టాప్ ఆఫ్‌రోడ్ వేరియంట్ చాలాసార్లు తక్కువ బరువు మోస్తుంది, తక్కువ లాగుతుంది. ఎక్కువ డబ్బిస్తే అన్నీ ఎక్కువే వస్తాయని అనుకుంటాం. పికప్‌లో అలా ఉండదు. మామూలు ఫోర్డ్ రేంజర్ చాలా దేశాల్లో బ్రేకులున్న ట్రెయిలర్‌ని 3,500 కిలోల వరకు లాగుతుంది, రేంజర్ రాప్టర్ 2,500 కిలోల దగ్గర ఆగిపోతుంది. 2017లో వచ్చిన షెవ్రొలే కొలరాడో జెడ్‌ఆర్2 పరిమితి 5,000 పౌండ్లు, అదే కొలరాడోలో ట్రెయిలర్ ప్యాకేజీ ఉన్న మామూలు వీ6 అయితే 7,000. 2020 గ్లాడియేటర్‌లో స్పోర్ట్ 1,600 పౌండ్ల దాకా, అంటే సుమారు 725 కిలోలు మోస్తే, రూబికాన్ 1,200 పౌండ్ల దగ్గరే ఆగుతుంది.

కారణం తేలికే. టాప్‌లో స్ప్రింగులు మెత్తన, గుంటల మీద వేగంగా పోయినా చక్రం నేలని వదలకూడదు కాబట్టి. కొన్నింటిలో వెనక కమాన్ పట్టీలు తీసేసి కాయిల్ స్ప్రింగులు పెడతారు. రేంజర్ రాప్టర్ అలాంటిదే. దానికి తోడు పెద్ద టైర్లు, రేకులు, వెడల్పు భాగాలు బండి సొంత బరువు పెంచుతాయి. బండి మొత్తం బరువుకి ఒక గరిష్ఠ పరిమితి ఉంటుంది. సొంత బరువు పెరిగితే మీకు మిగిలేది తగ్గుతుంది.

మీ ప్రయాణానికే లెక్క వేద్దాం. టాప్ వేరియంట్ తలుపు దగ్గరి స్టిక్కర్ మీద 600 కిలోలు అని ఉందనుకోండి. మీరు నలుగురు కలిసి 230. ట్రెయిలర్ 1,500 కిలోలైతే దాని ముక్కు హుక్ మీద మోపే బరువు సుమారు పదో వంతు, 150. ఇది కూడా బండి మోసే బరువులోకే వస్తుంది, చాలామంది మర్చిపోయేది ఇదే. వెనక తొట్టి మీద బిగించే క్యానపీ (మూత) 70. ఇనప బంపర్, వించ్ కలిపి 90. పైన టెంట్ 60. నీళ్ళు 60 లీటర్లు, అంటే ఇంకో 60. ఫ్రిజ్, పనిముట్లు, తిండి సామాను కలిపి 60. మొత్తం 720. పిల్లల సైకిళ్ళు ఎక్కించకముందే 120 కిలోలు ఎక్కువైంది. కొన్ని దేశాల్లో బండి సొంత బరువులోనే డ్రైవర్‌కి 75 కిలోలు కలిపి చూపిస్తారు, కొన్నిచోట్ల కలపరు. మీ దగ్గర ఎలాగో కనుక్కుని లెక్క సరిచేసుకోండి.

ఇది కాగితం మీది భయం కాదు. నాలుగేళ్ళ కిందట ఒకాయన తన టాప్ వేరియంట్ తీసుకొచ్చాడు. "వెనక కూర్చుండిపోతోంది, షాక్‌లు పోయినట్టున్నాయి, ఇంకా గట్టివి వేయండి" అన్నాడు. షాక్‌లకి ఏమీ కాలేదు. క్యాంపింగ్‌కి బయల్దేరేటప్పుడు ఎలా నింపుతాడో అలాగే నింపుకుని రమ్మని, వేబ్రిడ్జి మీద కాటా పెట్టించాం. పరిమితి కంటే 210 కిలోలు ఎక్కువ! హెడ్‌లైట్లు చెట్ల కొమ్మల్ని చూస్తున్నాయి, ముందు చక్రాల మీద బరువు తగ్గి స్టీరింగ్ తేలిపోతోంది. ఆయన అంత మోజుపడి కొన్న షాక్‌లు ఆ బరువుతో సగం దూరం ముందే కిందికి దిగిపోయి, పని చేయడానికి మిగిలిన సగమే దిక్కు. గట్టి స్ప్రింగులు వేస్తే వెనక పైకి లేస్తుంది, అది నిజం. కానీ కంపెనీ రాసిన పరిమితి స్ప్రింగు మార్చినంత మాత్రాన మారదు. బ్రేకులు, యాక్సిల్, ఛాసిస్ పాతవేగా. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ వాళ్ళు ముందు అడిగేదీ అదే. చివరికి ఆయన పైన టెంట్ తీసేశాడు, డ్రాయర్లు తీసేశాడు, అలా అలా తగ్గించుకుంటూ వచ్చాడు. "ఇంత డబ్బు పోసి నేల మీద పడుకుంటున్నా" అని ఇప్పటికీ నవ్వుతుంటాడు.

మరి టాప్ ఎవరికి? ఆఫ్‌రోడ్ అన్న ఒక్క మాటలో మూడు వేరు వేరు పనులున్నాయి. ఇసుక మైదానాల్లో, అలలు అలలుగా ఉన్న మట్టి రోడ్ల మీద వేగంగా పోవడం ఒకటి. రాళ్ళ మీద పాకినట్టు పోవడం ఇంకొకటి. సామానంతా వేసుకుని రోజుల తరబడి దూరాలు పోవడం మూడోది. ఖరీదైన బైపాస్ షాక్‌ల గొప్పతనం మొదటిదాంట్లోనే తెలుస్తుంది. గంటకి 80 కిలోమీటర్ల వేగంతో గతుకుల మీద పోతుంటే మామూలు షాక్‌లో నూనె వేడెక్కి పట్టు వదిలేస్తుంది. ఇవి తట్టుకుంటాయి, గుంటలో దిగినప్పుడు చివరికంటా కొట్టుకోకుండా ఆపుతాయి. మీరు పిల్లల్ని వెనక కూర్చోబెట్టుకుని కొండదారిలో గంటకి 15 కిలోమీటర్లలో పోతారు. ఆ వేగంలో టాప్ షాక్‌కీ మధ్య షాక్‌కీ తేడా కళ్ళు మూసుకుని చెప్పమంటే నేను కూడా చెప్పలేను.

మీరు మూడో రకం. మీకు కావలసింది బరువు మోసే వెనక భాగం, లాక్, మంచి టైర్లు.

టైర్ల గురించి ఎంత చెప్పినా తక్కువే. చాలామంది టాప్‌లో వచ్చే పెద్ద చక్రాలు చూసి మురిసిపోతారు. రిమ్ము పెద్దదైతే టైరు గోడ చిన్నదవుతుంది. 265/70ఆర్17 టైరుకి (265 మి.మీ. వెడల్పు, అందులో 70 శాతం గోడ ఎత్తు, 17 అంగుళాల రిమ్ము) పక్క గోడ ఎత్తు 185 మి.మీ. 265/50ఆర్20కి 132 మాత్రమే. రాయి తగిలినప్పుడు వంగి రిమ్మును కాపాడేది ఆ గోడే. గాలి తగ్గించుకుని నేల మీద పరుచుకోవాలన్నా అదే కావాలి. మీ మధ్య వేరియంట్‌కి 17 అంగుళాలంటున్నారు, దాన్ని వదలకండి. సిటీలో అందంగా ఉంటుందని 20కి మార్చుకున్న వాళ్ళని చూశాను. ఒకతనికి మొదటి ట్రిప్పులోనే రెండు టైర్లు ఒకే రాయికి పోయాయి. స్పేర్ ఒక్కటే ఉంటుంది కదా, ఆ సాయంత్రమంతా మేం అక్కడే కూర్చున్నాం.

టాప్‌లో వచ్చే 33 అంగుళాల టైరు ఎత్తు ఇస్తుందనేది నిజమే, కానీ ఎంత? 265/70ఆర్17 వ్యాసం 803 మి.మీ., 285/70ఆర్17ది 831 మి.మీ. తేడా 28. యాక్సిల్ కిందకి దక్కేది అందులో సగం, 14 మి.మీ. సస్పెన్షన్ ఎంత ఎత్తు పెంచినా వెనక యాక్సిల్ మధ్యలో ఉన్న గుండు మాత్రం టైరు పెరిగినంతే లేస్తుంది. ఆ 14 మి.మీ.ల కోసం మొత్తం వేరియంట్ మారనక్కర్లేదు, కావాలంటే మొదటి సెట్టు అరిగాక ఆలోచించవచ్చు. బంపర్ కోణం, పొట్ట కింద కోణం టాప్‌లో మెరుగ్గానే ఉంటాయి. కానీ పికప్ పొడుగు బండి. గ్లాడియేటర్ రూబికాన్‌కి ముందు కోణం 43 డిగ్రీలున్నా పొట్ట కింద కోణం 20 డిగ్రీలే. ముక్కు ఎక్కిన చోట పొట్ట కూర్చుంటుంది. అందుకే ఏ వేరియంట్ తీసుకున్నా ఛాసిస్‌కి బిగించే రాక్ స్లైడర్లు (తలుపుల కింద రాళ్ళ దెబ్బ కాచుకునే ఇనప గొట్టాలు) వేయించండి. షోరూమ్ వాళ్ళు ఉచితంగా ఇస్తామనే మెరిసే ఫుట్‌బోర్డులు మాత్రం వద్దనండి. మొదటి రాయికే లోపలికి వంగి తలుపు తెరుచుకోకుండా చేస్తాయి.

బేస్ వేరియంట్ గురించి మీరు అడగలేదు గానీ, దాన్ని తీసిపారేయకండి. మట్టి రోడ్లు, పొలాల దారులు, బరువులు మోయడం వరకే అయితే నేను అదే కొంటాను. చాలాసార్లు మూడింటిలో ఎక్కువ మోసేది అదే. మీరు నెలకోసారి కొండెక్కుతారు కాబట్టి, లాక్ కోసమే ఒక మెట్టు పైకి వెళ్ళమంటున్నాను. భద్రత విషయంలో మాత్రం ఒకటి చూసుకోండి. కొన్ని కంపెనీలు అన్ని ఎయిర్‌బ్యాగులూ, తనంతట తాను బ్రేకు వేసే వ్యవస్థా పై వేరియంట్లకే ఇస్తాయి. మధ్యదానికి అవి లేకపోతే మాత్రం నా సలహా మారుతుంది. పిల్లలున్న బండి కదా. అప్పుడు టాప్ తీసుకుని సామాను తగ్గించుకోండి, లేదా ఇంకో కంపెనీ బండి చూడండి.

స్క్రీన్, లెదర్, సన్‌రూఫ్ మీ ఇష్టం. దుమ్ములో తిరిగే బండికి గుడ్డ సీట్లే నాకిష్టం. సన్‌రూఫ్ ఉంటే పైన బరువు పెట్టే పరిమితి తగ్గిందేమో మాన్యువల్‌లో చూడండి.

రికవరీ గురించి ఒక్క మాట, ఇది వేరియంట్ కంటే ముఖ్యం. బండికి ముందూ వెనకా లాగడానికి బలం రాసిన కొక్కేలు ఉన్నాయో లేదో చూడండి. ట్రక్కు మీద వేసి కట్టడానికి ఇచ్చే సన్నటి కొక్కేలు వేరు, ఇవి వేరు. ట్రెయిలర్ తగిలించే గుండ్రటి బాల్‌కి తాడు కట్టి ఎన్నడూ బండిని లాగకండి, లాగనివ్వకండి. అది విరిగితే తుపాకీ గుండులా వస్తుంది, మనుషులు చనిపోయారు.

బుక్ చేసే ముందు షోరూమ్‌లో ఒక అరగంట అడగండి. మూడు బళ్ళకీ డ్రైవర్ తలుపు తెరిచి ఆ స్టిక్కర్లు ఫోటో తీసుకోండి. బ్రోచర్‌లో ఉండేది ఆ మోడల్‌లో గరిష్ఠం, స్టిక్కర్ మీద ఉండేది ఆ బండిది. రెండూ ఒకటే ఉండాలని లేదు. తర్వాత ఒక అట్టముక్క పరుచుకుని కింద దూరండి. మధ్య వేరియంట్‌లో ఇంజిన్ కింద ఉన్నది ఇనుమా, ప్లాస్టిక్కా, ట్రాన్స్‌ఫర్ కేస్ దాకా వచ్చిందా, అక్కడే ఆగిందా చూడండి. చొక్కా మాసిపోతుందని సేల్స్ అబ్బాయి కంగారుపడతాడు, పడనివ్వండి. స్టిక్కర్ మీది అంకెలు, క్యాంపింగ్ సామాను జాబితా ఇక్కడ రాస్తే బరువు లెక్క నేను వేసి పెడతాను.